ఒంటి చెవి

మా గదిలో గోడ పొడవునా ఒకే గీత.
ఎనభై కిలోమీటర్ల గొట్టం.
ఈ కొసన మా పంపింగ్ స్టేషన్, ఆ కొసన ఇంకొకటి,
నడుమ మంగిస్తావ్ మైదానం:
ఉప్పు, గాలి, గాలికి తలొగ్గిన ముళ్లగడ్డి.
ఇక్కడి చమురు చల్లారితే నెయ్యిలా పేరుకుంటుంది,
అందుకే కాచి పంపుతాం.

గొట్టం ఎక్కడైనా పగిలితే
ఒత్తిడి ఉలిక్కిపడుతుంది.
ఆ ఉలికిపాటు అటూ ఇటూ పరుగెడుతుంది,
సెకనుకో కిలోమీటరు.
ముందు మాకు తగిలిందా, వాళ్లకా, ఎన్ని సెకన్ల తేడా?
పది సెకన్లు ముందు మాకైతే
నడిమి గుర్తుకు ఐదు కిలోమీటర్లు ఇవతల తవ్వాలి.
బడిపిల్లల లెక్క.

ఈ లెక్క నాకు నేర్పినవాడు ఒరిన్‌బసార్,
ముప్పై ఏళ్లుగా లైను నడిచేవాడు.
వాల్వు పేలిన రోజు ఎడమ చెవి దానితోనే పోయింది.
"చప్పుడు వినడానికి ఒక చెవి చాలు, బల్జాన్.
ఎక్కడో తెలియాలంటే రెండు కావాలి.
రెండున్నవాడు కూర్చుని వింటాడు.
నా బోటివాడు నడిచి వినాలి."

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఫోను చేశాడు.
"ముప్పై ఐదో గుర్తు దగ్గర ఒంటెలు పడుకోవట్లేదు."
చలికాలమంతా అవి గొట్టం మీదే పడుకుంటాయి,
కింద వెచ్చగా ఉంటుందని, వరసగా, మూపురం వెనక మూపురం.
ఆ వరసలో ఇప్పుడొక పన్ను ఊడిందట.

తెర చూశాను. గీత కదల్లేదు.
పంపినదానికీ చేరినదానికీ రోజుకు రెండు టన్నుల తేడా.
ఐదు దాకా మీటర్ల తప్పే అని మా రూలు.
షిఫ్టు పుస్తకంలో ఒత్తిడికి ఒక గడి ఉంది, వేడికి ఒకటి,
ఒంటెలకు లేదు.
"అంతా మామూలే" అన్నాను.
మా పెద్దాయన తులెగెన్ టీ గ్లాసులోకే నవ్వాడు:
"చెవిటివాడి మాటా వింటున్నావా?"

రెండోసారి చేశాడు. పెడచెవిన పెట్టాం.
రెండు చెవులున్న మాకు
అందుకు కొరతేముంది.

మూడోసారి గొంతులో గాలి ఎక్కువ, మాట తక్కువ.
మంచులో బోర్లా పడుకుని, ఇనుప కడ్డీ భూమిలోకి దించి,
కుడి చెవి ఆనించి విన్నాడట.
నాలుగడుగులు జరిగి మళ్లీ. మళ్లీ.
"ఈల కాదు బల్జాన్. ఈలైతే మీ యంత్రమే పట్టేది.
ఇది నములుతోంది."

నాలుగో రోజు తవ్వారు.
సూది దూరేంత బెజ్జం.
కారిన చమురు చలికి గడ్డకట్టి తన నోరు తానే మూసుకునేది,
లోపలి వేడికి కరిగి మళ్లీ తెరుచుకునేది.
ఉలికిపాటు లేదు, సెకన్ల తేడా లేదు.
మట్టిలో మనిషంత పొడవు
నల్ల కొవ్వొత్తి.

తవ్వేవాళ్లకు టీ తెచ్చింది కునిమ్‌జాన్,
ఆ ఒంటెలావిడ.
ఎవరూ తాగలేకపోయారు.
"శరత్కాలం నుంచీ ఇంతే," అంది,
"బావి నీళ్లు చేదెక్కాయి. ముసలితనం నా నాలుకకొచ్చిందేమో అనుకున్నా."
ఆమె బావికీ బెజ్జానికీ రెండు వందల అడుగులు.
ఆమెను ఎవరూ అడగలేదు.
అడిగే గడి కూడా లేదు.

శరత్కాలం నుంచి ఫిబ్రవరి దాకా, రోజుకు రెండు టన్నులు.
షిఫ్టు పుస్తకం వెనక అట్ట మీద హెచ్చవేశాను.
జవాబు రాశాక
దాని మీద గ్లాసు పెట్టాను.

బెజ్జానికి ఉక్కు పట్టీ బిగించారు.
కునిమ్‌జాన్‌కు వారానికో నీళ్ల ట్యాంకరు, రాసిచ్చారు;
వారాలు కొన్ని తప్పుతున్నాయి.
ఒంటెలు ఇంకా ఆ చోటును వదిలేసే పడుకుంటున్నాయి.

నిన్న రాత్రి డ్యూటీలో ఒక్కదాన్నే.
ఎడమ చెవిని అరచేత్తో గట్టిగా మూసుకున్నాను.
గదిలో ఏదో సన్నగా కూస్తోంది,
కెటిలో, కిటికీ సందో, హీటరో.
కళ్లు మూసుకుని కనుక్కోవాలని చూశాను.
కూర్చున్నంతసేపూ
తెలియలేదు.

లేచాను.